తొలి ఐదేళ్లూ ఎవరి పాలు?

నాలుగో నెలకూ మెడ నిలపలేదు, తొమ్మిదో నెలకూ కూర్చోలేదు. ‘కొందరు పిల్లలు నిదానమే’ అని ఇంట్లో పెద్దలు, ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అని దగ్గరి డాక్టరు సర్దిచెబుతారు. ఏడాదిన్నర దాటాక గానీ సెరిబ్రల్ పాల్సీ అన్న పేరు, అంటే మెదడు దెబ్బతిని కండరాల కదలికలు అదుపు తప్పే వైకల్యం పేరు, చాలా కుటుంబాల చెవిన పడదు. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదని కూడా అదే రోజు తెలుస్తుంది. ఇక అక్కడి నుంచి వెతుకులాట. ఒక బంధువు ఒంట్లో సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ చేయించమంటారు, ఇంకొకరు ఫలానా ఊళ్లో నూనె మర్దన అంటారు, ఫోనులో వచ్చే వీడియో మూలకణాల ఇంజెక్షన్ అంటుంది. మొక్కులు ఎలాగూ ఉంటాయి. ఇలా తిరిగే తల్లిదండ్రులను అమాయకులని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదని ముందుగానే చెబుతున్నాం. నమ్మదగిన చికిత్స ఇంటికి దగ్గర్లో దొరికి ఉంటే వారికి ఈ తిరుగుడులో సగం తప్పేది.

ప్రపంచం మొత్తం మీద చూస్తే వెయ్యి మంది శిశువుల్లో సుమారు ఇద్దరికి ఈ పరిస్థితి ఎదురవుతోంది. కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన తొలి రోజుల్లోనో, ఎదుగుతున్న మెదడు దెబ్బతినడం దీనికి మూలం. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ప్రాణవాయువు అందకపోవడం, సకాలంలో చికిత్స అందక ముదిరిన పచ్చకామెర్లు, మెదడు పొరలకు సోకే జబ్బులు ప్రధాన కారణాలు. గర్భిణి గ్రహణం చూసిందనో, ఎవరి శాపమో తగిలిందనో తల్లిని ఆడిపోసుకోవడం ఇంకా ఆగలేదు. అది శుద్ధ అన్యాయం. మెదడుకు తగిలిన ఆ గాయం పెరగదు, మానదు. పెరిగేది పిల్లల ఒళ్లు. ఎముకలు సాగుతుంటే బిగుసుకున్న కండరాలు వాటితో సమంగా సాగవు. కీళ్లు వంకరపోతాయి, తుంటి పక్కకు జరుగుతుంది. ఎందరికో మూర్ఛ కూడా తోడవుతుంది. అందువల్ల ఈ పిల్లలకు చికిత్స అంటే ఏళ్ల తరబడి సాగాల్సిన పని.

ఆక్యుపంక్చర్‌ను మంత్రతంత్రాలతో ఒకే గాటన కట్టడం సరికాదు. శస్త్రచికిత్స తర్వాత వచ్చే వికారాన్ని, వాంతులను తగ్గించడంలో దానికి ప్రయోజనం ఉందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చిన నిపుణుల బృందం 1997లోనే అంగీకరించింది. మన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన విభాగం 2019 ఫిబ్రవరిలో దాన్ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు మాడు మీద, వెన్ను వెంట, కాళ్లలో, చేతుల్లో సూదులు గుచ్చడం చైనా ఆసుపత్రుల్లో మామూలే. మాడు మీద గుచ్చే పద్ధతి 1970ల్లో అక్కడే రూపుదిద్దుకుంది. ఈ విషయంపై వెలువడిన అధ్యయనాల్లో అత్యధికం ఆ దేశానివే.

ఆ అధ్యయనాల్లో గమనించాల్సింది ఒకటుంది. అక్కడ సూది ఒంటరిగా రాదు. బీజింగ్ పిల్లల ఆసుపత్రిలో చైనా, అమెరికా పరిశోధకులు కలిసి 75 మంది చిన్నారులతో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. ఫిజియోథెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, నీటిలో వ్యాయామాలు పిల్లలందరికీ ముమ్మరంగా చేయించారు. ఒక జట్టుకు వాటితో పాటే సూదులు కూడా గుచ్చారు. పన్నెండు వారాల ఆ గట్టి సాధనతో, సూదులు ఉన్నా లేకపోయినా, పిల్లల పనితీరు మెరుగుపడిందని తేలింది. కొందరి మెరుగుదలలో సూదుల వాటా కూడా ఉన్నట్లు కనిపిస్తోందని, అయితే అది మిగతా పిల్లలకు ఎంతవరకు వర్తిస్తుందో తెలియదని పరిశోధకులే రాశారు. నిజాయతీ గల మాట అది. చాలా అధ్యయనాలు ఇంతకన్నా చిన్నవి. సూది గుచ్చినదీ లేనిదీ పిల్లలకు, తల్లిదండ్రులకు, కొలతలు తీసేవారికి తెలియకుండా దాచడం కూడా కష్టం. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నొవాక్ బృందం ఈ పిల్లలకు చేసే చికిత్సలన్నింటినీ జల్లెడ పట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో వర్గీకరించినప్పుడు ఆక్యుపంక్చర్ పసుపులో పడింది. ఆశ ఉంది, రుజువు చాలదు అని దాని అర్థం.

మన పట్టణాల్లో సూది దొరుకుతోంది. బీజింగ్‌లో దాని చుట్టూ ఉన్న మిగతాదేదీ దొరకడం లేదు.

‘మా బాబులో మార్పు మేం కళ్లారా చూశాం’ అనే తల్లిదండ్రులు ఉంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. దీన్ని అర్థం చేసుకోవడానికి కెనడాలోని క్యూబెక్‌లో జరిగిన ఒక పరీక్షను గుర్తుచేసుకోవాలి. అధిక పీడనంలో ఆక్సిజన్ ఇస్తే ఈ పిల్లలు బాగుపడతారన్న ప్రచారం అప్పట్లో జోరుగా సాగింది. 111 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అధిక పీడనంలో ఆక్సిజన్, రెండో జట్టుకు కొద్దిపాటి పీడనంతో మామూలు గాలి ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో ఇంట్లోవారికి తెలియదు. నలభై విడతలు పూర్తయ్యాక చూస్తే రెండు జట్ల పిల్లలూ మెరుగుపడ్డారు, అదీ ఇంచుమించు సమానంగా. 2001లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. పిల్లలు వయసుతో పాటు సహజంగా ఎదుగుతారు. రోజూ బయటికి తీసుకెళ్లడం, ఆడించడం, నలుగురూ వారి మీద దృష్టి పెట్టడం కూడా ఫలితం చూపుతాయి. ఆ ఎదుగుదల ఖ్యాతి అంతా గదిలో పెట్టిన యంత్రానికో, గుచ్చిన సూదికో దక్కుతుంది.

సూది వల్ల పెద్దగా హాని లేదు కదా, చేయిస్తే పోయేదేముంది అని ఎవరైనా అడగవచ్చు. పోయేది కాలం. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1997లో ఈ పిల్లలను కదలిక సామర్థ్యాన్ని బట్టి ఐదు స్థాయిలుగా విభజించారు. ఆసరా లేకుండా నడవగలిగేవారు ఒకటో స్థాయి, మెడ నిలపడానికి కూడా సాయం కావాల్సినవారు ఐదో స్థాయి. ఆ తర్వాత 657 మంది పిల్లల ఎదుగుదలను అనుసరించి చూసి 2002లో ఫలితాలు వెల్లడించారు. కూర్చోవడం, నిలబడటం, నడవడం వంటి సామర్థ్యంలో తొంభై శాతాన్ని ఒకటో స్థాయి పిల్లలు ఐదేళ్లు నిండేలోపు, ఐదో స్థాయి పిల్లలు మూడేళ్లు నిండకుండానే అందుకుంటున్నారు. మన ఊళ్లలో జబ్బు పేరు తెలిసే సరికే ఏడాదిన్నర గడిచిపోతోంది. మరో రెండేళ్లు ఒకరి తర్వాత ఒకరి దగ్గర ఒట్టి సూదులతో, మర్దనలతో గడిస్తే ఆ బిడ్డకు మిగిలేదెంత? పొలం అమ్మిన డబ్బు పోయిందని తండ్రి బాధపడతాడు. అంతకన్నా పెద్ద నష్టాన్ని లెక్కగట్టే వారే లేరు.

పనికొస్తుందని గట్టిగా రుజువైనవి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అందులో ఎక్కువ భాగం ఖరీదైనవి కావు. బిడ్డకు, ఇంటికి ఏది అవసరమో దాన్నే లక్ష్యంగా పెట్టుకుని ఆ పనినే పదేపదే చేయించడం వాటిలో మొదటిది. చెంచా పట్టుకోవాలంటే చెంచాతోనే సాధన, మెట్టు ఎక్కాలంటే మెట్టు మీదే సాధన. ఒక వైపు చేయి మాత్రమే బలహీనంగా ఉంటే, బాగున్న చేతికి రోజూ కొంతసేపు తొడుగు వేసి రెండో చేతితో ఆడించడం ఇంకొకటి. నిపుణులు నేర్పగా తల్లిదండ్రులు ఇంట్లో చేయించే వ్యాయామాలకూ మంచి రుజువులున్నాయి. బిగుతు మరీ ఎక్కువైతే కండరాలను సడలించే బోటాక్స్ ఇంజెక్షన్లు, కట్లు తోడవుతాయి. వీటన్నింటిలోనూ బిడ్డే పని చేస్తుంది. ఇక్కడ ఫిజియోథెరపీ కేంద్రాలకూ ఒక మాట చెప్పాలి. పిల్లవాడిని బల్ల మీద పడుకోబెట్టి, ఇరవై నిమిషాలు కాళ్లూ చేతులూ వంచి సాగదీసి, కరెంటు యంత్రం తగిలించి పంపేయడం కూడా మన దగ్గర ఫిజియోథెరపీ పేరుతోనే చలామణి అవుతోంది. పిల్లల ప్రమేయం లేకుండా చేసే అలాంటి చికిత్స పనితీరును మార్చదని అధ్యయనాలు చెబుతున్నాయి. పేరు ఆధునికమైనంత మాత్రాన సూదికి పెట్టే పరీక్ష నుంచి దానికి మినహాయింపు ఉండకూడదు.

అల్లోపతికైనా ఇదే నియమం. కాన్పులో ఊపిరి అందని శిశువుల శరీరాన్ని చల్లబరిచి మెదడును కాపాడే పద్ధతి సంపన్న దేశాల్లో మంచి ఫలితాలిచ్చింది. అదే పద్ధతిని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది శిశువులతో పరీక్షిస్తే చల్లబరిచిన జట్టులోనే మరణాలు ఎక్కువయ్యాయని 2021లో తేలింది. సదుద్దేశం, నమ్మకం, విదేశీ అనుభవం ఏవీ ఇక్కడి పరీక్షకు బదులు కాలేవు. ఆక్యుపంక్చర్ నిపుణులు తమ విద్య ఈ పిల్లలకు మేలు చేస్తుందని నమ్మితే, మన బోధనాసుపత్రులతో కలిసి, తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోకుండా అధ్యయనం చేయాలి. దాన్ని ఈ పత్రిక మనసారా స్వాగతిస్తుంది.

అంతవరకూ ప్రభుత్వాలు కొన్ని హద్దులు గీయక తప్పదు. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేక చట్టాలు చేసి నమోదు పద్ధతి పెట్టాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలకు సూదులు గుచ్చేవారి అర్హత ఏమిటో, ప్రతి బిడ్డకూ కొత్త సూది వాడుతున్నారో లేదో చూసే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి. ‘సూదులు మొదలుపెట్టాం, ఇక మూర్ఛ మందులు ఆపేయండి’ అనే సలహా ప్రాణాంతకం. అలా చెప్పేవారిపై కేసు పెట్టాలి. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప మూలకణ చికిత్సను పరిశోధనకు వెలుపల చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే స్పష్టం చేసింది. అయినా లక్షలు వసూలు చేసే దుకాణాలు మూతపడలేదు. మెదడు జబ్బులు నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధిస్తోంది. సూదులకు, యంత్రాలకు, విడతల లెక్కన అమ్మే ప్యాకేజీలకు కూడా ఆ కట్టుబాటు కచ్చితంగా వర్తించేలా దాన్ని సవరించాలి. నడిపిస్తామని హామీ ఇచ్చే ప్రకటనలను పత్రికలు, టీవీ చానళ్లు తమంతట తామే తిరస్కరించాలి. ఈ మాట అందరికన్నా ముందు మాకు మేం చెప్పుకుంటున్నాం.

నిషేధాలతోనే పని పూర్తికాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు వచ్చాయి. మండలాల్లో ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. కాగితం మీద ఇది మంచి అల్లికే. ఏజెన్సీ గ్రామం నుంచి జిల్లా కేంద్రానికి, నడవలేని ఎనిమిదేళ్ల పిల్లను చంకనెత్తుకుని రెండు బస్సులు మారి వచ్చే తల్లికి మాత్రం ఆ అల్లికలో చిరుగులే కనబడతాయి. ఒకరోజు కూలి, బస్సు ఖర్చు పోగొట్టుకుని వస్తే, థెరపిస్టు సెలవులో ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్ దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తోంది, తెలంగాణ 4,016 రూపాయలు ఇస్తోంది. ఆ డబ్బు ఇంటికి ఆసరానే, కానీ అది థెరపిస్టును ఊరికి రప్పించదు. జాతీయ ట్రస్టు నిర్వహించే నిరామయ బీమా ఏటా లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులతో కలిపి వర్తిస్తుంది. ఆ సంగతి ఆశా కార్యకర్త ద్వారా ప్రతి ఇంటికీ తెలియాలి.

ఇప్పటికిప్పుడు చేయగలిగినవి రెండున్నాయి. నవజాత శిశు విభాగాల నుంచి ఇంటికి వెళ్లే ప్రమాదావకాశమున్న ప్రతి శిశువునూ మూడు నుంచి ఐదు నెలల మధ్య మళ్లీ పిలిపించాలి. బిడ్డ వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ ఆడించే తీరును కొన్ని నిమిషాలు ఫోనులో చిత్రీకరిస్తే, శిక్షణ పొందిన వైద్యులు దాన్ని చూసి రాబోయే సమస్యను పసిగట్టగలరు. ఏడాదిన్నర ఆలస్యాన్ని ఆరు నెలల లోపుకు కుదించడానికి ఇది దారి.

రెండోది తుంటి. ఈ పిల్లల్లో మూడోవంతు మందికి తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది. ఐదో స్థాయిలోనైతే పదిమందిలో తొమ్మిదిమందికి ఆ ముప్పు ఉంది. అది బయటికి కనిపించదు. నొప్పితో బిడ్డ రాత్రంతా ఏడ్చే సరికి కీలు తప్పిపోయి ఉంటుంది. దక్షిణ స్వీడన్ 1994లో ఇలాంటి పిల్లలందరికీ క్రమం తప్పకుండా ఎక్స్‌రేలు తీసే పద్ధతి మొదలుపెట్టి, సమస్య ముదరకముందే చికిత్స చేసి, తుంటి తప్పిపోవడాన్ని దాదాపు నిర్మూలించింది. ఎక్స్‌రే యంత్రం మన ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉంది. వైకల్య ధ్రువపత్రం కోసం ఈ పిల్లలు సదరం శిబిరానికి ఎలాగూ వస్తున్నారు. శాతం రాసి పంపేయకుండా, అదే రోజు తుంటి ఎక్స్‌రే తీసి, మళ్లీ ఎప్పుడు తీయాలో ఆ పత్రం మీదే తేదీ వేసి ఇవ్వాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ కోరుతున్నాం.