సేమ్ టు సేమ్ గారికి, ఆచారి వీధి నుంచి

మహారాజశ్రీ సేమ్ టు సేమ్ గారి దివ్యసముఖానికి,

నెల్లూరు ఆచారి వీధిలో కుంపటి ముందు కూర్చుని నగలు చేసుకునే ఒక పనివాడు రాసుకునే విన్నపాలు. ఇక్కడ మేమంతా మీ దయవల్ల క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. పెళ్ళిళ్ళ సీజను మొదలైందంటే మీకు లోటేముంటుంది?

మీరు మా కొట్టుకి ఎప్పుడూ ఒంటరిగా రారు. అక్క చేతిలో ఫోను, ఫోన్లో ఫొటో, ఫొటోలో ట్రంకు రోడ్డు మీది ఏదో పెద్ద షోరూం నెక్లెసు, ఆ వరసలో దిగుతారు. ఫొటో కాస్త వంకరగా ఉంటుంది. ఒక మూల వేలు అడ్డం పడి ఉంటుంది. సేల్సు అమ్మాయి అటు తిరిగినప్పుడు తీసింది మరి. వెనక గోడ మీద "ఫొటోలు తీయరాదు" అన్న బోర్డు కూడా అందులో శుభ్రంగా పడి ఉంటుంది.

"ఆచారీ, అచ్చం ఇట్టాగే ఉండాల. సేమ్ టు సేమ్."

"అట్నేలేమ్మా."

"అది నాలుగు సవర్లంట. మనకి రెండున్నరలో రావాల."

అయ్యా, మీ మహిమంతా అక్కడే ఉంది. బరువు తప్ప అంతా అదే. మజూరీ తప్ప అంతా అదే. ఇంట్లో అడిగితే చెప్పే ధర తప్ప అంతా అదే.

ఇంత పేరున్న మీ మీద ఈ దేశంలో ఒక చట్టం ఉందని ఎవరైనా మీకు చెప్పారో లేదో. 1911 నాటి తెల్లదొరల చట్టాన్ని పక్కనపెట్టి 2000లో డిజైన్ల చట్టం తెచ్చారు. 2001 మే 11 నుంచి అమల్లో ఉంది. కొత్త డిజైన్ని రిజిస్టరు చేయించుకున్నవాడికి, దాన్ని వేరేవాళ్ళు కాపీ కొట్టకుండా కాపాడేది అదే. వస్తువు ఎట్లా పనిచేస్తుందో దానికి పట్టదు, ఎట్లా కనపడుతుందన్నదే లెక్క. ఆకారం, రూపురేఖ, నగిషీ, గీతలూ రంగుల కూర్పూ, ఇవి తయారైన వస్తువులో కంటికి ఆనాలి, కంటితో మాత్రమే తేలాలి. కమ్మకి శీల ఎట్లా బిగుస్తుంది, హారానికి కొక్కెం ఎట్లా పడుతుంది అన్నవి ఇందులోకి రావు. అది యంత్రాంగం, దాని దారి వేరు.

కంటితో మాత్రమే అన్న మాట విన్నాక నాకో ఆలోచన వచ్చింది. ఈ కేసులు తేల్చడానికి జడ్జీలు ఎందుకండీ? ఏ కల్యాణమండపంలోనైనా మూడో వరస కుర్చీలో కూర్చున్న మా పిన్నమ్మల్ని పిలవండి చాలు. పెళ్ళికూతురు పీటల మీదికి వచ్చేలోపు, ఆ హారం ఎవరిదాన్ని చూసి చేయించిందో, పతకంలో ఎన్ని రాళ్ళు తగ్గించారో, కెంపులు నిజం కెంపులో కావో చెప్పేస్తారు. కళ్ళజోడు కూడా పెట్టుకోరు. చట్టంలో "స్పష్టమైన లేదా మోసపూరితమైన అనుకరణ" అని ఉంది. దాన్ని కోర్టులో తేల్చాలంటే రెండు వైపులా లాయర్లు, కట్టలకొద్దీ బొమ్మలు, వాయిదాలు కావాలి. పిన్నమ్మలకి వడ్డన మొదలయ్యే టైము చాలు.

ఇంకో సంగతి. మా వీధిలో మీ శిష్యులు చెప్పుకునే శాస్త్రం ఒకటుంది: పది శాతం మారిస్తే కాపీ కాదంట. పువ్వుకి ఒక రేకు పెంచితే చాలంట. ఎవరు చెప్పారో, ఏ పుస్తకంలో ఉందో తెలియదు గానీ చట్టంలో మాత్రం అట్లాంటి శాతం ఏదీ లేదు. రేకు పెంచినా కంటికి అదే నగ అనిపిస్తే అది అదే నగ. ఇందులో ఇంకా తమాషా ఏందంటే, ఫొటో తెచ్చిన అక్కకి ఏమీ కాదు. మెడలో వేసుకుని ఊరంతా తిరిగినా ఏమీ కాదు. అమ్మకం కోసం చేసినవాడిదీ, అమ్మినవాడిదీ తప్పు. అంటే నాది. మీరు ఫోన్లో వస్తారు, ఫోన్లోనే పోతారు, నోటీసు మాత్రం కుంపటి దగ్గరికి వస్తుంది. ఒక్కటే ఊరట, ఈ చట్టం కింద అనుకరణకి జైలు లేదు. పోలీసులు రారు.

జరిమానా సంగతి వినండి, మీరు నవ్వుకుంటారు. రిజిస్టరైన డిజైను దొంగిలిస్తే ఒక్కోదానికి 25,000 దాకా కట్టాలి, ఒక డిజైను మీద మొత్తం 50,000 దాటకూడదు. చట్టం పుట్టిననాడు పెట్టిన అంకె, ఈనాటికీ అదే. ఈ కాలంలో బంగారం ఎంత ఎదిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ 50,000 పట్టుకుని మా వీధికి వస్తే సవర బంగారం, అంటే ఎనిమిది గ్రాములు కూడా రాదు. అది వద్దనుకుంటే నష్టపరిహారానికీ, తయారీ ఆపించడానికీ దావా వెయ్యొచ్చు. జిల్లా కోర్టుకి కింద కుదరదు. అక్కడికి పోయాక ఎదుటివాడు "అసలు నీ డిజైనే కొత్తది కాదు" అన్నాడంటే కేసు హైకోర్టుకి ఎక్కుతుంది. పెళ్ళికని చేసిన హారం, ఆ పిల్ల బిడ్డ బారసాలకైనా తీర్పు అందుకుంటుందా అన్నది నా అనుమానం.

కొత్తది కాదు అనడం ఎంత సులువో చూడండి. దరఖాస్తు పెట్టే నాటికి ఆ రూపం దేశంలోగానీ బయటగానీ ఎక్కడా అచ్చులో రాకూడదు, వాడుకలో ఉండకూడదు. ఉందని ఎవరైనా నిరూపిస్తే, రిజిస్ట్రేషన్ పట్టా చేతికొచ్చాక కూడా రద్దు చేయించొచ్చు. షోరూం వాళ్ళు "యాంటిక్ కలెక్షన్" అని పేరుపెట్టి గాజు పెట్టెలో దీపాల కింద పరుస్తారే, వాటిలో సగం మా అమ్మమ్మ పెళ్ళి ఫొటోలో ఉన్నాయి. మిగతా సగం గుళ్ళో ఉత్సవమూర్తుల మెడలో ఉన్నాయి. కాసులపేరు ఎవరిది? మామిడిపిందెల హారం ఎవరిది? బుట్టకమ్మలు మొదట ఎవరు చేశారు? ఎవరూ చెప్పలేరు కాబట్టే అవి అందరివీ. ఇక్కడ మాత్రం చట్టం మంచి పనే చేసింది, ఒప్పుకోవాలి. ఊరుమ్మడి సొత్తుకి ఎవడో ఒకడు కంచె వేయకుండా ఆపింది. మా అమ్మమ్మ ఫొటో ఏనాటికైనా ఏ షోరూం పట్టానైనా కొట్టేయగలదు. ఆవిడకి ఈ సంగతి తెలిసుంటే ఫొటోలో ఇంకొంచెం నవ్వేది.

అయితే ఆ కాసులపేరు మా దాకా వచ్చింది మీ వల్లే కదా! అది దాచిపెడితే ఎట్లా? మా తాతలు పనిమంతుల పక్కన కూర్చుని చూసి చేశారు. "ఫలానా వారింటి హారంలాగే" అని అడిగినవాళ్ళకి చేసిచ్చారు. కానీ అప్పటి మీరు వేరు. ఫొటో లేదు. చూసింది గుర్తు పెట్టుకుని చెయ్యాలి. చెయ్యి ఎక్కడో తన బుద్ధి చూపించేది. ఒకే రోజు ఒకే పొయ్యి దగ్గర చేసిన జత కమ్మలు కూడా అన్నదమ్ములు అవుతాయి గానీ కవలలు కావు. ఊరు మారితే నగ మారేది. అట్లా మారీ మారీ ఇన్ని రకాలయ్యాయి. ఇప్పుడు అచ్చు తీసి మైనం పోసి కాస్టింగ్ పెడితే వెయ్యి నెక్లెసులు వస్తాయి, వెయ్యీ అవే. మీ అసలు రూపం ఇప్పుడే బయటపడింది స్వామీ.

చట్టానికి నచ్చేది కూడా ఆ వెయ్యే. నేను ఒక పెళ్ళికూతురి కోసం కూర్చుని కాగితం మీద గీసి, కొత్త పతకం ఒకటి చేశాననుకోండి. దాన్ని కాపాడుకోవాలంటే కలకత్తాలోని డిజైన్ల ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలి. ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు. ఎదర, వెనక, పక్క, పైన, అన్ని వైపుల నుంచీ బొమ్మలు కావాలి. ఆ ఆఫీసు వస్తువుల్ని తరగతులుగా విడదీసిన లెక్కలో నగలది 11వ తరగతి. నాబోటి ఒంటిగాడికి రుసుం 1,000, పెద్ద కంపెనీకి 4,000. అంత ఎక్కువేం కాదు. కానీ అది ఒక్క డిజైనుకి. ఇంకో పతకానికి ఇంకో దరఖాస్తు. ఇచ్చే రక్షణ పదేళ్ళు, మళ్ళీ రుసుం కడితే ఇంకో ఐదేళ్ళు. ఒకే అచ్చులోంచి వేలు తీసేవాడికి ఇది వరం. ఒక్కో మెడకి ఒక్కో నగ చేసేవాడు పతకానికో దరఖాస్తు పెడుతూ కూర్చుంటే పతకం ఎప్పుడు చేస్తాడు? మా నెల్లూరు స్వర్ణాల చెరువులో, కోరికకో రొట్టె మార్చుకునే రొట్టెల పండక్కి ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, అన్నీ దొరుకుతాయి. డిజైను రొట్టె మాత్రం ఇంకా ఎవరూ పట్టుకున్నట్టు లేరు.

రిజిస్టరు చెయ్యకపోతే ఏమవుతుందో కూడా వినండి. నేను గీసిన బొమ్మ మీద కాపీరైటు దానంతట అదే వస్తుంది, కాగితం అక్కర్లేదు. కానీ 1957 కాపీరైటు చట్టంలో ఒక మెలిక ఉంది. డిజైనుగా రిజిస్టరు చెయ్యదగిన దాన్ని చెయ్యకుండా వదిలేసి, ఆ రూపంతో పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి వస్తువులు తీస్తే ఆ కాపీరైటు పోతుంది. యాభై దాకా నీది, యాభై ఒకటోది తీశావంటే ఊరందరిదీ. అంటే నా నగ ఎవరికీ నచ్చకపోతే అది నాదే. నచ్చితేనే చిక్కు.

పోనీ ముందే జాగ్రత్త పడదామంటే మా పిల్లలు ఊరుకోరు. కొత్త కమ్మ మెరుగు పెట్టి ఇంకా చల్లారకముందే స్టేటస్‌లో ఉంటుంది, ఇన్‌స్టాగ్రాంలో ఉంటుంది, కింద పాట కూడా మోగుతుంటుంది. దరఖాస్తు కంటే ముందు అట్లా లోకానికి చూపిస్తే ఆ డిజైను కొత్తది కాకుండా పోతుంది, చూపించింది సొంతదారుడే అయినా సరే. ప్రభుత్వం గుర్తించిన ఎగ్జిబిషన్లో పెట్టేటట్టయితే ముందే డిజైన్ల ఆఫీసు కంట్రోలరుకి చెప్పి ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకునే వెసులుబాటు ఉంది. వాట్సాప్ స్టేటస్‌ని ఎగ్జిబిషన్ కింద లెక్కెయ్యరు.

మీరు పెద్ద పెద్ద దేశాల్లో కూడా తిరిగొచ్చారని విన్నాను. అమెరికాలో ఆపిల్ వాళ్ళు శాంసంగ్ మీద వేసిన కేసు మీ ఘనతే కదా. గుండ్రటి మూలలున్న పలక, ముందంతా నున్నటి అద్దం, చతురస్రాల వరసలో బొమ్మలు, ఇట్లాంటి వాటి మీద పోట్లాట. 2012లో జ్యూరీ వంద కోట్ల డాలర్లు దాటించి వేసింది. అది తగ్గుతూ, సుప్రీంకోర్టు దాకా పోయి వస్తూ, 2018లో మళ్ళీ ఇంకో జ్యూరీ దాదాపు 54 కోట్ల డాలర్లన్నాక రాజీ అయింది. ఫోను మూలకి అంత విలువా! మా వీధిలో బిళ్ళ మూలలు గుచ్చుకోకుండా ఆకురాయితో గుండ్రం చెయ్యడం కుర్రాడికి మొదటి రోజు నేర్పే పని.

కోకా కోలా సీసా కథ ఇంకా బాగుంటుంది. చీకట్లో తడిమినా, పగిలి కింద పడి ఉన్నా ఫలానా అని తెలియాలని అడిగి చేయించుకున్నారట. 1915లో అమెరికాలో డిజైను పేటెంటు వచ్చింది. దాని గడువు తీరిపోతుంది కదా, అందుకని 1960లో ఆ సీసా ఆకారాన్నే ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకున్నారు. ట్రేడ్‌మార్కుకి గడువు లేదు, రెన్యువల్ చేసుకుంటూ పోవడమే. డబ్బున్నవాడికి పదిహేనేళ్ళూ చాలవు, వందేళ్ళూ చాలవు.

మన జిల్లా సంగతికి వస్తాను. ఉదయగిరిలో నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు. పిడి మీద నగిషీ చూస్తే బంగారప్పనివాడిగా నాకే అసూయ పుడుతుంది. వాటికి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. అది చెన్నై ఆఫీసు ఇచ్చేది, 1999 చట్టం కింద. సంతోషమే. కానీ ఆ గుర్తింపు కాపాడేది పేరుని. వేరే ఊరివాడు తన స్పూనుకి "ఉదయగిరి" అని చీటీ అంటించకూడదు, అంతే. పిడి మీది నగిషీని యంత్రంలో పెట్టి వేలకి వేలు తీసి, ఏ పేరూ లేకుండా అమ్ముకుంటే ఆ పేరు అడ్డుకోదు. ఆ నగిషీని డిజైనుగా రిజిస్టరు చేద్దామంటే అది తాతలనాటిది, కొత్తది కాదు. అమ్మమ్మ ఫొటోని మెచ్చుకున్న నోటితోనే ఈ మాటా చెప్పాల్సి వస్తోంది: పాతదానికి కంచె వద్దన్న చట్టం, ఆ పాతదాన్ని చేత్తో బతికిస్తున్నవాడి కంచంలోకి కూడా చూడదు. వెంకటగిరి చీరదీ ఇదే గొడవ. 2022లో ఊరు తిరుపతి జిల్లాకి పోయినా జీఐ పేరు ఎక్కడికీ పోలేదు. అంచుని మాత్రం మీరు ఫోన్లో పెట్టుకుని ఎక్కడికైనా పోతారు.

ఇన్ని చెప్పానని మిమ్మల్ని రావద్దని కాదు. మీరు రాకపోతే మాకు పొయ్యి రాజదు, అది మీకూ తెలుసు. ఒక ఒప్పందానికి వద్దాం. ఫొటో చూపించగానే అది రిజిస్టరైందో లేదో ముందు నెట్లో వెతుకుతాను, ఆ జాబితా అందరికీ కనపడేదే. అయి ఉంటే చెయ్యను. బదులుగా నా సొంతది గీసి చూపిస్తాను, అక్క మొహం చిట్లించకూడదు. కాకపోతే చేస్తాను.

దానికి ఒక్క షరతు. ఫొటోతో పాటు ఆ షోరూం వాళ్ళ ఎస్టిమేటు చీటీ కూడా పట్రండి. తరుగు ఎంత శాతం వేశారో, మజూరీ ఎంత రాశారో అందులో ఉంటుంది. నగతో పాటు దాన్ని కూడా దించేస్తాను. సేమ్ టు సేమ్.

ఇట్లు,
మీ పాత పరిచయస్తుడు,
ఆచారి వీధి, నెల్లూరు.