టెన్త్ రిజల్ట్ చూపించి సార్ గొప్పా, మేడమ్ గొప్పా అంటే ఎలా?

తెలంగాణలో టెన్త్ ఫలితాలు రాగానే స్టాఫ్‌రూముల్లో ఒక పంచాయితీ: "సార్ల సబ్జెక్టుల్లో నూటికి నూరు, మేడమ్‌ల దగ్గరే తగ్గింది." అయ్యా, ముందు జూన్‌లో వేసిన టైమ్‌టేబుల్ తియ్యండి. మ్యాథ్స్‌కి ఇద్దరుంటే చాలాచోట్ల తొమ్మిది, పది తరగతులు సార్‌కే. "సాయంత్రం స్పెషల్ క్లాసులకు మీరెక్కడ ఉండగలరు మేడమ్" అని ఒక జాలి మాట. భాగహారం రాని పిల్లను ఆరు నుంచి ఎనిమిది దాకా లాక్కొచ్చేది ఒకరు, పేరొచ్చేది ఇంకొకరికి.

మేడమ్‌లు ఎక్కువ సెలవులు పెడతారన్న గొడవ సరేసరి. ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవులు పక్కన పెడితే, ఆడ టీచర్లకు ఏటా అదనంగా ఉన్నవి 5 సీఎల్సే (క్యాజువల్ లీవులు). సంఘం పనికి, ఆఫీసు పనికి ఓడీ (ఆన్ డ్యూటీ) మీద బడి వదిలి పోయిన రోజులు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండవు!

అసలు పని నోటుబుక్కుల్లో ఉంటుంది. 7 − (5 − 2) చెయ్యమంటే 7 − 5 − 2 అని రాసి సున్నా తెచ్చిన పిల్లాడికి ఇంటూ కొట్టి వదిలేస్తే ఏం లాభం? బ్రాకెట్ తీసేచోట గుర్తు మారలేదని ఎర్రపెన్నుతో చూపించాలి, మళ్లీ చేయించాలి. పుస్తకానికి 3 నిమిషాలనుకున్నా, 40 మంది చొప్పున మూడు సెక్షన్లకు 120 పుస్తకాలు, ఆరు గంటలు. లీజర్ పీరియడేమో రాని టీచర్ క్లాసుకు సర్దుబాటు. ఇక కట్ట ఇంటికే. ఆ ఇంట్లో రాత్రి వంట ఎవరి మీద పడుతుందో తెలియనిది ఎవరికి?

అలాగని మేడమ్‌లకు ఊరికే పేరు కట్టబెట్టడమూ తప్పే. 50 ఏళ్లు నిండని సార్లు బదిలీల్లో బాలికల హైస్కూల్ కోరుకోడానికి లేదు. టెన్త్‌లో ఎటూ అమ్మాయిలదే పైచేయి. ఎక్కువగా మేడమ్‌లే ఉండే ఆ బాలికల స్కూళ్ల శాతం తెచ్చి మగపిల్లల స్కూల్‌తో పోల్చితే సార్లకు అన్యాయం.

కొలవాలంటే ఏడాది మధ్యలో బడిలోనే వేసే ఎఫ్‌ఏ మార్కులు పక్కన పెట్టండి. 20లో స్లిప్ టెస్టుకి, అంటే చిన్న రాత పరీక్షకి, 5 పోతే మిగతా 15 టీచర్ చేతిలోవే. అవే పిల్లలవి పోయినేడాది, ఈ ఏడాది ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్ష) పేపర్లు పక్క స్కూల్ వాళ్లతో దిద్దించండి. పోయినేడాది 80కి పాస్ మార్కు 28 రానివాళ్లలో ఈ ఏడాది ఎందరికి వచ్చిందో చూడండి. నెలల తరబడి బడికి రానివాళ్లను విడిగా రాయండి. హిందీని ఈ లెక్కలో కలపకండి, దానికి 20 శాతం వస్తే పాసే.

అంతకంటే ముందు, వచ్చే జూన్‌లో ఆరో తరగతి మేడమ్‌కిచ్చి, ఆ బ్యాచ్‌ని పది దాకా ఆమెకే వదిలెయ్యండి. ఏడులో మరో బ్యాచ్ పట్టుకుని సార్ కూడా అట్లాగే రావాలి.