కిటికీలో కందిరీగ

కర్నూలులో, కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ఒక పాత మేడ. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన రమణయ్య ఇంట్లోనూ పుస్తకభాషే మాట్లాడతారు. కాపురం చేసినందుకు సుభద్రమ్మకూ అది అంటుకుంది. వంటింటి కిటికీకి కందిరీగలు గూడు పెట్టి నేటికి ఐదు రోజులు. ఆయన మాత్రం, మనవడు సెలవులకు వచ్చి మరిచిపోయిన వీడియో గేము ముందు కూర్చున్నారు.

సుభద్రమ్మ: ఏమండీ, ఉగ్గాని చల్లారిపోతున్నది. ఆ గూడు తీసేదాకా బజ్జీల మూకుడు పొయ్యి మీదికి ఎక్కదని నిన్ననే మనవి చేసుకున్నాను.

రమణయ్య: అందుకే, ఉదయం నుంచి శత్రువు స్వభావాన్ని అధ్యయనం చేస్తున్నాను. ఇది 1994లో వచ్చిన డాంకీ కాంగ్ కంట్రీ. ఇందులో చాలామంది శత్రువులు నెత్తిన దూకితే చస్తారు గాని, జింగర్ అనే ఈ పసుప్పచ్చ కందిరీగకు వీపున ముళ్లుండటం వల్ల, దూకినవాడికే ముప్పు.

సుభద్రమ్మ: ఇప్పటికి మీరు ఎన్నిసార్లు చచ్చారు?

రమణయ్య: పదకొండు.

సుభద్రమ్మ: అధ్యయనం బాగానే సాగుతున్నది.

రమణయ్య: దాని గొప్పతనం ముళ్లలో లేదు సుభద్రా, అది నిలిచే చోటులో ఉన్నది. రెండు గట్ల నడుమ అగాధం ఉంటుంది; మనం ఎగిరి దాటబోయే దారిలో, సరిగ్గా మన తల తగిలే ఎత్తున, ఇది కిందికీ మీదికీ ఊగుతూ ఉంటుంది. ఎక్కువ ఎగిరితే దానికి తగులుతాం, జంకి తక్కువ ఎగిరితే అగాధంలో పడతాం. నేలకు ఎవరైనా కాపలా కాస్తారు, గాలికి కాపలా కాయాలంటే కందిరీగే కావాలి.

సుభద్రమ్మ: మన గూడూ ఉప్పు జాడీకి చెయ్యి చాపే చోటే ఉన్నది. చంపే ఉపాయం చెప్పండి.

రమణయ్య: పీపా విసరాలి.

సుభద్రమ్మ: ఇంట్లో ఉన్నది నీళ్ల డ్రమ్ము ఒక్కటే. విసరండి, రేపు స్నానానికి బురుజెక్కి వాన కోసం చూద్దురుగాని.

రమణయ్య: ఇంకొకటి విను. 1991 నాటి సోనిక్ అనే మరో ఆటలో బజ్ బాంబర్ అనే యంత్రపు కందిరీగ, మనం దగ్గరపడగానే గాలిలోనే ఆగి, ఏటవాలుగా గుండు పేలుస్తుంది. దాన్ని బద్దలుకొడితే, అందులో దుర్మార్గుడు బంధించిన చిన్న జంతువు బయటపడుతుంది. అచ్చం భ్రమరకీట న్యాయం! పురుగును గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేయగా చేయగా, అది తదేకధ్యానంతో భ్రమరమే అవుతుందని పెద్దలు చెప్పలేదా?

సుభద్రమ్మ: పెద్దలు గూడు విప్పి చూసినట్లు లేదు. ఆ పురుగు కందిరీగ పిల్లకు భోజనమవుతుంది. పోనీ మీ న్యాయమే నిజమనుకుందాం. ఉదయం నుంచి తదేకంగా ఆటలోని ఆ కోతినే చూస్తున్న మీ గతి ఏమిటి?

రమణయ్య: అది కోతి కాదు, గొరిల్లా.

సుభద్రమ్మ: అయితే తిండి ఇంకా ఎక్కువ.

రమణయ్య (వినిపించుకోక): డాంకీ కాంగ్ కంట్రీకి 1995లో వచ్చిన రెండో భాగంలో కింగ్ జింగ్ అని కందిరీగల రాజే ఉన్నాడు. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంటే, ఇక్కడ వీడి ప్రాణం తీసేదే చిలుక. అది వదిలే గుడ్లు వాడి కొండికే తగలాలి.

సుభద్రమ్మ: రాజుకు కొండి ఎక్కడిదండీ? గుడ్లు పెట్టే అవయవమే కొండిగా మారింది కనుక కుట్టేది ఆడదే. మగది ఊరికే ఝుమ్మంటుంది.

(ఇక్కడ రమణయ్య కొంతసేపు ఝుమ్మనను కూడా లేదు.)

రమణయ్య: మొదటి భాగంలో రాణినే పెట్టారులే. దెబ్బ తగిలితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు దిగేదాకా ఎన్ని పీపాలు విసిరినా దానికి లెక్క లేదు.

సుభద్రమ్మ: ఆ ముక్క నమ్ముతాను. ఇప్పుడు నా ముఖం ఏ రంగులో ఉన్నదో ఒకసారి చూడండి.

ఆయన చూశారు. ఆట ఆపి లేచారు. కిటికీలో గూడు, తామరకాయను తలకిందులుగా అంటించినట్లు, బూడిదరంగులో వేలాడుతున్నది. పాత తలుపు చెక్కను గీకి, నమిలి, కాగితంలా చేసి కట్టిన గూడు. ఒక కందిరీగ అంచున నిలబడి రెక్కలు విదిలించింది.

రమణయ్య: దీనికి వీపున ముళ్లు లేవు.

సుభద్రమ్మ: మీకు పదకొండు ప్రాణాలూ లేవు. ఇది పెట్టుకోండి.

రమణయ్య: మే నెలలో, కర్నూలులో, మంకీ క్యాపా?

సుభద్రమ్మ: గొరిల్లా క్యాపు అంగట్లో దొరకలేదు.