పద్యం రాసేదానికేనా?

తిరుపతిలో పొద్దున లేస్తే మైకుల్లో అన్నమయ్య కీర్తనలే. మాటల లయ పిల్లోళ్ల చెవికి ఊరికే ఎక్కుతుంది. బడికి పోతే మాత్రం, పద్యం నోరారా పాడించకముందే ప్రతిపదార్థం రాసుకోమంటారు. ఇదేం గోలప్పా?

వేమన ఆటవెలది పద్యమే తీసుకోండి. మొదటి పాదానికి మూడు సూర్యగణాలు (పొట్టి అక్షర గుంపులు), రెండు ఇంద్రగణాలు (ఇంకొంచెం పొడుగువి). ‘ఉప్పు, కప్పు, రంబు’ అని మూడు చిటికెలు వేయించి, ‘నొక్కపో, లికనుండు’ను సాగదీసి పాడించండి. నాలుగో గణం ‘నొ’లోని ఒకారం మొదటి ‘ఉ’తో యతి (పాదం మొదటి అక్షరంతో శబ్దం జత కుదరడం) కలుస్తుంది. దాని ముందు రవ్వంత ఆగాలి. రుచంతా ఆడనే ఉంది! గుక్క తిప్పుకోకుండా గడగడా అప్పజెప్పిస్తే ఆ విరుపు నలిగిపోయి, మిగిలేది ఎక్కాల పుస్తకమే.

పైగా తప్పు పోతే పదిసార్లు ఇంపోజిషన్. ఇంక పద్యం మీద ప్రేమ యాడ్నించి వస్తాది?