తొలి గంట ఎవరి బాధ్యత?

ఏటా ఆగస్టు మొదటి వారంలో నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో తల్లిపాల వారోత్సవాల బ్యానర్లు కడతారు, అంగన్‌వాడీల్లో ప్రతిజ్ఞలు చేయిస్తారు. ఉపన్యాసాలన్నీ తల్లులకే. చనుబాలు బిడ్డకు మంచివని తెలియని తల్లి ఈ రెండు జిల్లాల్లో ఉంటుందని మేము అనుకోవడం లేదు. తెలిసి కూడా పాలు పట్టలేని పరిస్థితి ఎక్కడ మొదలవుతోందో, దాన్ని సరిదిద్దాల్సింది ఎవరో మాత్రం ఆ వేదికల మీద వినపడదు.

అది చాలావరకు ఆసుపత్రిలోనే మొదలవుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెబుతోంది. దేశం మొత్తం మీద చూసినా ఆసుపత్రి కాన్పులు 88 శాతం దాటాయి; అయినా పుట్టిన గంటలోపు రొమ్ము అందుకున్న పిల్లలు 41.8 శాతమే. పైగా మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు, ఇది దేశ సగటుకు రెట్టింపు. వెన్నుకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది కనుక, నర్సు ఒకరు పక్కన నిలబడి బిడ్డను రొమ్ముకు పట్టిస్తే చాలామంది పసికందులు ఆ గంటలోనే తాగగలరు. ఆ పనికి మనిషి కరువైన చోట బిడ్డ నేరుగా బయట ఎదురుచూస్తున్న అమ్మమ్మ చేతుల్లోకి వెళుతుంది, ఎవరో తేనె నాకిస్తారు, పొద్దుగూకేసరికి మందుల చీటీ చివర డబ్బా పాల పేరు చేరుతుంది.

తొలిరోజు పసిబిడ్డ పొట్టలో ఒక్కోసారికి పట్టేది చెంచాడు పాలే, ముర్రుపాలూ ఆ కొలతకే వస్తాయి. పాలు నిండుగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు, ఆపరేషన్ అయితే ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఈ సంగతి ముందే చెప్పేవారు లేక ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు, బిడ్డ పట్టనిదే పాలు ఊరవు. వారం తిరిగేసరికి పాలు చాలడం లేదన్న అనుమానం నిజమై కూర్చుంటుంది, నింద బాలింత మీద పడుతుంది. పథ్యం పేరుతో ఆమెకు తాగే నీళ్లు సైతం కొలిచి పోసే పెద్దలే, మే నెల ఎండలకు గొంతు ఆరుతుందని చంటిబిడ్డకు నీళ్లు పట్టడం విడ్డూరం. తల్లిపాలలో 87 శాతం దాకా నీరే గనుక ఆరు నెలల వరకు బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఈ రెండు ముక్కలు డిశ్చార్జి చీటీ మీద రాసివ్వడానికి ఏ ఆసుపత్రికీ ఖర్చు కాదు.

పాలడబ్బాల ప్రచారాన్ని, ఉచిత నమూనాలను, వైద్య సిబ్బందికి ఇచ్చే కానుకలను నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. వైద్య కారణం ఉన్నప్పుడు డబ్బా పాలు రాయడంలో తప్పు లేదు. కారణం రాయకుండా రాయడాన్నే ప్రశ్నించాలి.

బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో ఈ ప్రశ్న మరీ పదునైనది. తల్లి తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉన్నా ఆమె పాలలోకి చేరేది అతి స్వల్పం; అదే బోరు నీటితో డబ్బా పాలు కలిపితే ఆ విషమంతా బిడ్డ ఒంట్లోకే పోతుంది. కాచినా ఫ్లోరైడ్ పోదు. ఫ్లోరోసిస్‌తో తరతరాలుగా కుంగిన ఊళ్లలో తల్లిపాలను కాపాడటం మంచినీటి పథకమంత ముఖ్యమని మా అభిప్రాయం.

ఇక పని. సంఘటిత రంగంలో 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. పొగాకు గ్రేడింగ్‌కో, చీమకుర్తి క్వారీలకో, రొయ్యల షెడ్లకో, వరి నాట్లకో వెళ్లే దినకూలీకి ఆ మాటే లేదు. పొగాకు ఘాటులోకి ఆమె చంటిబిడ్డను తీసుకెళ్లనూ లేదు, కూలి మానుకోనూ లేదు. పాలు పిండి, చల్లని చోట మూతపెట్టి ఉంచి, నాలుగు గంటలలోపు ఉగ్గుగిన్నెతో పట్టించవచ్చని ఆమెకు చెప్పాలి, నిజమే. కానీ పిండుకోవడానికి మరుగు ఏది? 50 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలో శిశు సంరక్షణాలయం ఉండాలన్న నిబంధన ఎన్ని షెడ్లలో అమలవుతోందో కార్మిక శాఖ తనిఖీ చేసి బయటపెట్టాలి. కేంద్ర పథకమైన మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు అందేది 5,000 రూపాయలు, అదీ విడతలుగా. ఆ సొమ్ముతో ఆరు నెలలు ఏ కూలీ ఇంట్లో కూర్చోగలదు? పక్కనున్న తమిళనాడు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పేరిట ఉన్న ప్రసూతి పథకం కింద నగదు, పోషకాహార కిట్లు కలిపి 18,000 రూపాయల సాయం చేస్తోంది. మన రాష్ట్రం కనీసం ఆ మేరకు తన వాటా కలపాలి.

అది తేలేలోగా జిల్లా యంత్రాంగాలు చేయగలిగిన పని ఒకటుంది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ఆసుపత్రి నెలనెలా ఎన్ని కాన్పులు చేసింది, వాటిలో సిజేరియన్లు ఎన్ని, గంటలోపు రొమ్ము పట్టించిన పిల్లలు ఎందరు, డబ్బా పాలు ఎందరికి, ఏ కారణంతో రాసింది అన్న నాలుగు వివరాలూ వైద్య ఆరోగ్య శాఖకు పంపేలా కలెక్టర్లు ఆదేశించి, ఆ పట్టికను ఆసుపత్రి గోడ మీదే అంటించాలి.