లైసెన్సు గోడకెక్కింది... తనిఖీ ఎప్పుడు?

హోటల్లో క్యాష్ కౌంటర్ వెనక, దేవుడి పటం పక్కన, అద్దం బిగించిన చట్రంలో ఆహార వ్యాపారానికిచ్చిన అనుమతి కాగితం ఒకటి వేలాడుతుంటుంది. దాని మీద 14 అంకెల నంబరు ఉంటుంది. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా ఆ నంబరు ముద్రించాలన్నది నిబంధన. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిరు వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్. ఈ తేడా తెలిసిన వినియోగదారులు కొద్దిమందే కావచ్చుగానీ, నంబరున్న చోట ఎవరో ఒక అధికారి వంటగదిలోకి తొంగిచూసే ఉంటారని మాత్రం దాదాపు అందరూ నమ్ముతారు. ఆ నమ్మకానికి చట్టంలోనే పూర్తి పూచీ లేదు.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం-2006లోని 31వ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు చేసిన రెండు నెలల్లోగా లైసెన్సు ఇవ్వకపోయినా, దరఖాస్తును తిరస్కరించకపోయినా వ్యాపారి నిక్షేపంగా పొయ్యి వెలిగించుకోవచ్చు. ఆ గడువు దాటాక అధికారి లైసెన్సు నిరాకరించడానికి వీల్లేదు. అవసరమనుకుంటే లోపాలు సరిదిద్దుకొమ్మని నోటీసు మాత్రం ఇవ్వవచ్చు. చిరు వ్యాపారుల రిజిస్ట్రేషన్‌కైతే గడువు ఇంకా తక్కువ. ఏడు రోజుల్లో మంజూరో, తిరస్కారమో, తనిఖీ నోటీసో ఏదో ఒకటి తేల్చాలి. చేయి తడపందే ఫైలు కదలని రోజులు చూసినవారెవరూ ఈ వెసులుబాటును తప్పుపట్టరు, మేమూ పట్టడం లేదు. అయితే ముందు తలుపులు తెరిచి, తర్వాత వచ్చి చూస్తామన్న ఏర్పాటులో రెండో సగమే గాలికి పోయిందన్నది మా అభ్యంతరం.

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో ఈ చట్టం, దాని నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చాయి. కల్తీ జరిగాక దోషిని పట్టుకోవడం పాత చట్టం పద్ధతి కాగా, వండేవాడి మీద ముందే బాధ్యత పెట్టడం కొత్తదాని ఉద్దేశం. అందుకే లైసెన్సు దీనికి ఆయువుపట్టు. ప్రమాణాలు నిర్ణయించేది కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అయినా, అత్యధిక వ్యాపారాల విషయంలో అనుమతులిచ్చేది, ఆకస్మికంగా వెళ్లి చూడవలసినది రాష్ట్ర యంత్రాంగమే. ఆహార భద్రత కమిషనర్‌ను నియమించేదీ, క్షేత్రస్థాయి అధికారులకు జీతాలిచ్చేదీ రాష్ట్రమే కనుక అధికారుల పోస్టులు ఖాళీగా ఉన్న పాపాన్ని ఢిల్లీ మీదికి నెట్టడం కుదరదు.

2011 నిబంధనలు వ్యాపారాలను ప్రధానంగా టర్నోవర్‌ను బట్టి విడదీశాయి. మొదట పెట్టిన గీతల ప్రకారం ఏడాదికి రూ.12 లక్షల వరకు రిజిస్ట్రేషన్ చాలు, ఆపైన రూ.20 కోట్ల దాకా స్థూలంగా రాష్ట్ర లైసెన్సు ఉండేది. అది దాటితే కేంద్ర లైసెన్సు తీసుకోవలసి వచ్చేది. రూ.12 లక్షలంటే చెప్పుకోవడానికి పెద్ద మొత్తమే. కానీ పొద్దున్నే బండి దగ్గర ప్లేటు రూ.40 చొప్పున వంద ప్లేట్ల ఇడ్లీ, దోసె అమ్మే మనిషి ఏడాదిలో మూడు వందల రోజులు బండి పెడితే సరిగ్గా ఆ గీత మీదికి చేరేవాడు. ఈ పరిమితిని ఎంతకు పెంచినా అసలు చిక్కు విడిపోదు, ఎందుకంటే టర్నోవర్ వ్యాపారి స్తోమతను చెబుతుందే తప్ప తినేవాడికున్న ముప్పును చెప్పదు. ప్యాకెట్లు విప్పకుండా బిస్కెట్లు అమ్మే హోల్‌సేల్ వ్యాపారికి కోట్ల టర్నోవర్ ఉండవచ్చు. అతని వల్ల జనం ఆస్పత్రి పాలయ్యే అవకాశం తక్కువ. పచ్చి గుడ్డుతో మయోనైజ్ గిలకొట్టి ఎండలో పెట్టుకున్న చిన్న బండి సంగతి అలా కాదు. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ మరణించి, పలువురు అస్వస్థులయ్యాక 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించవలసి వచ్చింది. ప్రాణం పోయాకగాని నిషేధం రాలేదు.

సాయంత్రం మిరపకాయ బజ్జీలు వేసే మూకుడునే చూడండి. నిన్నటి నూనె అడుగున ఉండగానే పైన కొత్త ప్యాకెట్ ఒంపుతారు. నాలుగో వాయికి నురగ కడుతుంది, పొగ త్వరగా లేస్తుంది, రంగు డికాక్షన్‌కు దగ్గరపడుతుంది. నూనెను మళ్లీ మళ్లీ కాచినకొద్దీ అందులో పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచే ఉంది. మూకుడులో ముంచి అక్కడికక్కడే కొలిచే మీటర్లూ ఉన్నాయి. ఆ మీటరు పట్టుకొని బండి దగ్గర నిలబడే మనిషే కనిపించడు.

శుభకార్యాలకు వండిపెట్టే క్యాటరర్ల విషయం మరీ విచిత్రం. మతపరమైన, సామాజిక వేడుకల్లో ఆహారం పంచేవారిని చిరు వ్యాపారుల జాబితాలో చేర్చిన నిబంధనలు క్యాటరర్లను మాత్రం ఆ జాబితా నుంచి స్పష్టంగా తప్పించాయి. అది సరైన పనే. అయితే లైసెన్సులో రాసిన చిరునామా ఏదో వీధిలోని ఒక గది. వెయ్యి మందికి వంట జరిగేది ఫంక్షన్ హాలు వెనక షామియానా కింద, ట్యాంకర్ నీళ్లతో. అధికారి గదిని చూసి తృప్తిపడి వెళితే ఎవరికి ఉపయోగం?

కాగితం మీద నిబంధనలకు కరువు లేదు. వంటవారికి ఏటా వైద్య పరీక్షలు చేయించాలి, లైసెన్సున్న చోట ప్రతి 25 మందికి శిక్షణ పొందిన ఒక సూపర్‌వైజర్ ఉండాలి, నమూనా అందిన 14 రోజుల్లో విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలి. వీటిని అమలు చేయాలంటే అధికారులు, వారికి వాహనాలు, ప్రయోగశాలల్లో సిబ్బంది కావాలి. ముందు ఖాళీలు భర్తీ చేసి, టర్నోవర్‌ను పక్కనపెట్టి పచ్చిగుడ్డు, మాంసం, పాలు, బల్క్ వంటలున్న చోట్లకు మొదట అధికారులను పంపాలి. నాలుగు రోజులు కెమెరాలతో దాడులు చేసి ఫొటోలు పెట్టి, అయిదో రోజు నుంచి మౌనం వహించే పద్ధతితో హోటళ్లు భయపడతాయేమోగాని బాగుపడవు. పరిశుభ్రత రేటింగుల పథకం ఒకటి ఉన్నా అది స్వచ్ఛందం. ఇష్టం లేనివాడు దాని జోలికే పోడు.

గోడ మీది కాగితంలోనూ, ఆ నంబరు కొడితే ఫోన్‌లో తెరుచుకునే వివరాల్లోనూ ‘చివరిసారి తనిఖీ చేసిన తేదీ, తేలిన లోపాలు’ అని ఒక గడి చేర్చడానికి పెద్దగా ఖర్చవదు. ఆ గడి ఖాళీగా ఉంటే హోటల్ యజమానికన్నా తనిఖీ చేయవలసిన శాఖకే ఎక్కువ నామోషీ. ఇన్నేళ్లుగా దాని ఊసెత్తకపోవడానికి బహుశా అదే కారణం కావచ్చు.