ఫైలు పంపితే సరిపోదు, అవతల సరిగ్గా తెరుచుకోవాలి

హనుమకొండ, వరంగల్‌లలోని డీటీపీ సెంటర్లకు, లేజర్ కటింగ్ షాపులకు కాకతీయ కళాతోరణం బొమ్మతో జ్ఞాపికలు కావాలని వచ్చేవారు ఎక్కువ. డిజైనర్ బొమ్మ గీసి, ఎస్‌వీజీ (గీతలు, వంపుల రూపంలో బొమ్మను దాచే) ఫైలుగా మార్చి వాట్సాప్‌లో పంపుతాడు. కస్టమర్ ఫోనులో అది డాక్యుమెంటుగా దిగుతుంది, గ్యాలరీలో కనిపించదు. తెరుచుకోవడం లేదు, మామూలు ఫొటో పంపమంటాడు. జేపీజీ పంపితే చూసి సరేనంటాడు. కోతకు వెళ్లేది మాత్రం ఎస్‌వీజీయే. అంటే చూసి ఒప్పుకున్నది ఒక ఫైలు, తయారయ్యేది ఇంకో ఫైలు నుంచి. తేడా వస్తే అక్రిలిక్ షీటు వృథా, పైగా మాటామాటా పెరుగుతుంది.

ఇలాంటి చోట డిజైనర్‌నో మిషన్‌నో తప్పుపట్టడం మనకు అలవాటు. ఫైలును ఏ సాఫ్ట్‌వేర్‌లో చూశారన్నది ఎవరూ అడగరు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

జేపీజీలో ఉండేవి రంగు చుక్కలు. ఏ ఫోనైనా దాదాపు అవే చుక్కలు చూపుతుంది. ఎస్‌వీజీలో ఉండేవి ఆదేశాలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవవచ్చు: ఫలానా చోట మొదలుపెట్టు, ఇక్కడిదాకా గీత గీయి, అక్కడ వంపు తిప్పు, ఈ రంగు నింపు. అందుకే తోరణం మీది హంస కీచైన్ మీదైనా, ఊరి పొలిమేర స్వాగత ద్వారం మీదైనా అంతే పదునుగా ఉంటుంది. కానీ తెరిచిన ప్రతిసారీ ఆ బొమ్మను కొత్తగా గీసేది చూపే సాఫ్ట్‌వేరే. దానికి తెలియని ఆదేశం వస్తే దాటేసి పోతుంది. సాఫ్ట్‌వేర్ తయారీకి వాడే క్యూటీ (Qt) పరికరాల్లోని ఎస్‌వీజీ భాగం చాలాకాలం పాటు ఎస్‌వీజీ ప్రమాణంలోని చిన్న రూపాన్నే అర్థం చేసుకుంది. దాని మీద కట్టిన వ్యూయర్లలో (ఫైలు చూపే సాఫ్ట్‌వేర్లలో) నీడలు, మసక అంచులు మాయమైతే ఆశ్చర్యం లేదు.

ఈ ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 2001లో ఖరారు చేసింది. అప్పట్లో బ్రౌజర్‌లో చూడాలంటే సాధారణంగా అడోబీ ప్లగిన్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి వచ్చేది. ఫైర్‌ఫాక్స్ 2005లో సొంతంగా చూపడం మొదలుపెట్టింది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2011 దాకా పట్టింది. ప్రమాణం చేతిలో ఉండి కూడా, ప్రధాన బ్రౌజర్లన్నిటిలో నేరుగా చూసే వీలు లేక పదేళ్లు పోయాయి. మన ఫోన్లలోని చాలా గ్యాలరీలు ఇంకా ఆ పాత కాలంలోనే ఉన్నాయి.

తెలుగు అక్షరాల దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. పెళ్లిపత్రిక మీది ‘శ్రీరస్తు శుభమస్తు’ను తీసుకోండి. ఎస్‌వీజీలో ఆ మాట అక్షరాలుగానే ఉంటే, ఫైలు మోసుకెళ్లేది సాధారణంగా ఫాంటు పేరును మాత్రమే, ఫాంటును కాదు. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వ్యూయర్ తనకు దొరికిన మరో తెలుగు ఫాంటు పెట్టేస్తుంది. వరుస పొడవు మారి, చివరి అక్షరం అంచు దాటుతుంది. తెలుగు కూర్పు తెలియని సాఫ్ట్‌వేర్ అయితే ‘స్తు’లోని వత్తు విడిపోయి పక్కన నిలబడుతుంది. అను ఫాంట్లతో కొట్టిన మాట పరిస్థితి ఇంకా ఘోరం. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాలు) కావు కనుక, ఫాంటు లేని చోట ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల గందరగోళం తప్ప ఏమీ మిగలదు. ఇంత జరిగినా వ్యూయర్ ఒక్క హెచ్చరిక ఇవ్వదు. నాకు కోపం తెప్పించేది ఈ మౌనమే.

మన డిజైనర్లు దీనికి ఎప్పటినుంచో వాడుతున్న ఉపాయం ఉంది: అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా మార్చి పంపడం. కోతకు అదే సరైన దారి. అయితే అలా మార్చాక అచ్చుతప్పు దిద్దలేం, ఆ మాటను వెతకలేం. కాబట్టి అక్షరాలున్న ఫైలును దాచుకుని, కర్వ్స్ చేసిన ప్రతిని పంపాలి. అదనంగా పట్టే సమయం నిమిషమే.

కస్టమర్ వైపు పరిష్కారం ఇంకా తేలిక. ఫోనులో ఉన్న బ్రౌజరే ఇప్పటికి అన్నిటికన్నా నమ్మకమైన వ్యూయర్. జేపీజీ చూసి కాకుండా, బ్రౌజర్‌లో అసలు ఫైలు చూసి సరే అనమని షాపుల వాళ్లు పట్టుబట్టాలి. అయితే తెలియనివాళ్ల మెయిల్‌లో వచ్చిన ఎస్‌వీజీని అలా తెరవకూడదు. ఈ ఫైలులో స్క్రిప్టు పెట్టవచ్చు, దాంతో నకిలీ లాగిన్ పేజీలు చూపి మోసాలు చేస్తున్నారు.

ఎక్కువ ఖర్చు లేకుండా తయారు చేయగల సాధనం ఒకటి మనకు లోటుగా ఉంది. ఫైలు తెరవగానే ‘ఇందులో అడిగిన ఫాంటు మీ దగ్గర లేదు, ఈ వరుస మారి కనిపిస్తోంది’ అని తెలుగులో చెప్పే వ్యూయర్ కావాలి. ఫైలులోని ఫాంటు పేర్లను చదివి, కంప్యూటర్‌లో ఉన్నవాటితో పోల్చడమే అందులో ప్రధానమైన పని. ఎస్‌వీజీ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. వరంగల్ ఎన్ఐటీలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఏటా ప్రాజెక్టుల కోసం అంశాలు వెతుక్కునే విద్యార్థులున్నారు. వాళ్లు ముందుగా ఏ డీటీపీ సెంటర్‌లోనైనా ఒక పూట కూర్చుని, అక్కడికి వచ్చే ఫైళ్లను చూస్తే చాలు, ఏం రాయాలో తెలిసిపోతుంది.